78 నిమిషాల్లో దిద్దిన తప్పు.. రోజుల తరబడి ఎందుకు వేధించింది?

ఒక్క ఫైలు.. ఒక్క అంకె తేడా.. 85 లక్షల కంప్యూటర్లు! డ్రైవర్‌లో లోపం దిద్దడం కన్నా ఆ దిద్దుబాటును చేర్చడమే కష్టమని తేల్చిన క్రౌడ్‌స్ట్రైక్ ఉదంతం

2024 జూలై 19, శుక్రవారం. భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలు. అమెరికాకు చెందిన సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన ఖాతాదారుల విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న ఫైలు పంపింది. ఏదో తేడా కొట్టిందని గ్రహించి 10 గంటల 57 నిమిషాలకు దాన్ని వెనక్కి తీసుకుంది. మధ్యలో గడిచింది 78 నిమిషాలే. ఈలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి.

ప్రపంచంలో ఉన్న విండోస్ కంప్యూటర్లలో ఇవి ఒక్క శాతం కూడా లేవు. కానీ ఆ ఒక్క శాతంలోపే విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు, టీవీ ఛానెళ్లు ఉన్నాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అత్యవసర సేవల నంబరు 911కు అంతరాయం కలిగింది. బ్రిటన్‌లో డాక్టర్లు రోగుల రికార్డులు చూడలేకపోయారు. స్కై న్యూస్ ప్రసారం కాసేపు నిలిచిపోయింది. మన దగ్గర ఇండిగో ఒక్కరోజే 190కి పైగా విమానాలు రద్దు చేసింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో ఆ రోజు దేశమంతా చక్కర్లు కొట్టింది.

ఇది హ్యాకర్ల దాడి కాదు. ఒక డ్రైవర్‌లో దాగి ఉన్న లోపం. ఆ లోపం ఏంటి, దాన్ని ఎలా దిద్దారు, దిద్దిన తర్వాత కూడా ప్రపంచం ఎందుకు కోలుకోలేకపోయింది అన్నది అర్థం చేసుకోవడం కేవలం ఇంజినీర్ల పని కాదు. రేషన్ నుంచి పింఛన్ దాకా అన్నీ యంత్రాల మీదుగా అందుతున్న ఈ రోజుల్లో అది అందరికీ సంబంధించిన విషయమే.

డ్రైవర్ అనే దుబాసీ

కంప్యూటర్ భాషలో డ్రైవర్ అంటే బండి నడిపే మనిషి కాదు. ప్రింటర్, స్కానర్, కెమెరా, వేలిముద్ర తీసే యంత్రం.. ఏది తగిలించినా ఆ పరికరానికీ, విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య మాట చేరవేసే సాఫ్ట్‌వేర్ అది. పాత రోజుల్లో నవాబు కొలువుకూ కంపెనీ దొరలకూ నడుమ దుబాసీ ఉండేవాడు. రెండు భాషలూ తెలిసినవాడు అతనే. అతను ఒక్క మాట తప్పు చెబితే ఇద్దరికీ చిక్కే. డ్రైవర్ పని అచ్చం అలాంటిదే.

విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడు జిరాక్స్ షాపులో ప్రింటర్ మొరాయిస్తుంది. 'డ్రైవర్ పోయింది, మళ్లీ వెయ్యాలి' అంటాడు రిపేరు చేసే కుర్రాడు. చాలామందికి ఈ మాటతో పరిచయం అంతవరకే. అసలు సంగతి ఏంటంటే, చాలా డ్రైవర్లు కంప్యూటర్‌లో అన్నిటికన్నా లోపలి గదిలో పనిచేస్తాయి. దాన్నే కెర్నల్ అంటారు. మెమరీ, డిస్క్, పరికరాలు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి.

ఇంట్లో కరెంటుతో పోల్చి చూస్తే సులువుగా అర్థమవుతుంది. వర్డ్, బ్రౌజర్ లాంటి మామూలు ప్రోగ్రామ్ ఆగిపోతే అది ఒక గదిలో బల్బు కాలిపోవడం లాంటిది. మిగతా ఇల్లు వెలుగుతూనే ఉంటుంది. కెర్నల్‌లో ఉన్న డ్రైవర్ తప్పు చేస్తే మెయిన్ ఫ్యూజ్ కొట్టేసినట్టే. ఇల్లంతా చీకటి. ఆ చీకటికే నీలి తెర అని పేరు. నిజానికి విండోస్ కావాలనే ఆగిపోతుంది. మెమరీలో ఏది ఎక్కడుందో నమ్మకం పోయాక ముందుకెళ్తే ఉన్న డేటా కూడా పాడవుతుంది కాబట్టి, ఆగిపోవడమే మేలని దాన్ని అలా తయారు చేశారు.

క్రౌడ్‌స్ట్రైక్ వారి ఫాల్కన్ ఏ పరికరానికీ చెందినది కాదు. వైరస్‌లను, చొరబాట్లను పట్టుకునే కాపలా సాఫ్ట్‌వేర్. అయినా దాన్ని డ్రైవర్ రూపంలోనే తయారు చేశారు. దొంగ కన్నా ముందే కాపలాదారు లేవాలి కదా! కంప్యూటర్ ఆన్ కాగానే అందరికన్నా ముందు మొదలవ్వాలన్నా, లోపల జరిగేదంతా చూడాలన్నా కెర్నల్‌లోనే కూర్చోవాలి. ఆ చోటే చివరికి కొంప ముంచింది.

21 అడిగారు.. 20 ఇచ్చారు

ఆ ఏడాది ఆగస్టు 6న క్రౌడ్‌స్ట్రైక్ పూర్తి కారణాల నివేదిక బయటపెట్టింది. అందులో ఉన్నది వింటే ఇంతేనా అనిపిస్తుంది.

కొత్త రకం దాడులను గుర్తించేందుకు 2024 ఫిబ్రవరిలో ఫాల్కన్‌లో ఒక కొత్త నమూనా చేర్చారు. ఏ ప్రోగ్రామ్ ఏ ప్రోగ్రామ్‌తో మాట్లాడుతోందో గమనించే నమూనా అది. దాని నిర్వచనంలో 21 గడులు ఉన్నాయి. కానీ ఆ గడులు నింపే కోడ్ 20 వివరాలే అందించేది. 21 కాలమ్‌ల ఫారం ఇచ్చి చేతికి 20 కాగితాలే ఇచ్చినట్టు.

మరి ఐదు నెలలు ఎవరికీ ఎందుకు కనపడలేదు? అప్పటిదాకా పంపిన నియమాలన్నిట్లో 21వ గడి దగ్గర 'ఏదైనా ఫర్వాలేదు' అని ఉండేది. కాబట్టి డ్రైవర్ ఆ గడి వైపు చూసేదే కాదు. జూలై 19న పంపిన ఫైలులో మొదటిసారి ఒక నియమం 21వ వివరాన్ని కచ్చితంగా సరిపోల్చమంది. డ్రైవర్ చేయి చాచింది. అక్కడ ఏమీ లేదు. తనది కాని మెమరీ చోటును చదవబోయింది. కెర్నల్‌లో అలాంటి చదువు నేరం. విండోస్ అక్కడికక్కడే ఆగిపోయింది.

ఫైళ్లను పంపే ముందు పరీక్షించే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. అది కూడా 21 వివరాలు వస్తాయనే నమ్మకంతోనే లెక్క చూసి 'పాస్' అనేసింది. అంటే లెక్క రాసినవాడు, సరిచూసినవాడు ఇద్దరూ ఒకే తప్పుడు పుస్తకం చూశారన్నమాట. మార్చిలో చేసిన పరీక్ష బాగానే జరిగింది, తర్వాత పంపిన ఫైళ్లూ సాఫీగా వెళ్లాయి. ఆ ధీమాతోనే జూలై ఫైలు కూడా వెళ్లిపోయింది. దాన్ని పది మామూలు కంప్యూటర్లలో వేసి ఒక్కసారి చూసి ఉంటే నీలి తెర అక్కడే పడేది.

అసలు లోపానికి మందు కూడా చిన్నదే. చదవబోయే ముందు 'నా దగ్గర ఎన్ని ఉన్నాయి' అని చూసుకునే ఒక్క షరతు. జూలై 25 నాటికి ఆ షరతు డ్రైవర్‌లో చేరింది. ఫైలు తయారయ్యే దశలోనే గడుల సంఖ్యను సరిచూసే మార్పు జూలై 27కు అమల్లోకి వచ్చింది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే చెప్పే పాఠం ఇది. ఇచ్చిన జాబితా పొడవు చూడకుండా చివరి వస్తువు అడగొద్దు అని.

సవరణ ఉంది.. చేర్చే దారే లేదు

ఈ ఉదంతంలో అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. 10 గంటల 57 నిమిషాలకే తప్పుడు ఫైలు పోయి మంచి ఫైలు వచ్చింది. కానీ ఆగిపోయిన కంప్యూటర్ దాన్ని తీసుకోవాలంటే ముందు ఆన్ కావాలి, నెట్‌కు తగులుకోవాలి. ఆన్ అవుతుండగానే ఫాల్కన్ డ్రైవర్ మొదలవుతుంది. తప్పుడు ఫైలు చదువుతుంది. మళ్లీ నీలి తెర. మళ్లీ రీస్టార్ట్. మళ్లీ నీలి తెర. మందు ఊరి బయట ఉంది, రోగి తలుపు లోపలి నుంచి గడియ పడింది.

కొన్ని యంత్రాలను పదేపదే రీస్టార్ట్ చేస్తే అదృష్టవశాత్తూ డ్రైవర్ కన్నా ముందు నెట్ అందుకుని కొత్త ఫైలు తెచ్చుకునేవి. మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ ఖాతాదారులకు 15 సార్ల దాకా రీస్టార్ట్ చేయాల్సి రావచ్చని చెప్పింది. మిగతా వాటి దగ్గరికి మనిషి వెళ్లాల్సిందే. సేఫ్ మోడ్‌లో తెరవాలి. క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌లోకి వెళ్లాలి. 291 నంబరుతో మొదలయ్యే ఫైలు తీసేయాలి. మళ్లీ ఆన్ చేయాలి. ఒక్క కంప్యూటర్ అయితే పది, పదిహేను నిమిషాల పని. వేల కంప్యూటర్లున్న సంస్థ పరిస్థితి ఏంటి?

దీనికి తోడు ఇంకో చిక్కు. పెద్ద సంస్థల్లో డిస్క్‌లకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ప్రతి కంప్యూటర్‌కూ వేరే కీ. ఆ కీలు దాచిన సర్వర్ కూడా నీలి తెరతోనే ఉంటే? ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టయింది చాలాచోట్ల. సర్వర్లు 40,000 దాకా చేతులతో సరిచేయాల్సి వచ్చిందని డెల్టా ఎయిర్‌లైన్స్ సీఈఓ ఎడ్ బాస్టియన్ చెప్పారు. యూఎస్‌బీ పెట్టి సరిచేసే టూల్‌ను మైక్రోసాఫ్ట్ తర్వాత విడుదల చేసింది. అయినా జూలై 25 నాటికి కూడా 97 శాతం యంత్రాలే తిరిగి లేచాయి.

ఆ వారాంతం ఆ పని చేసిందెవరు? క్రౌడ్‌స్ట్రైక్ అధికారులు కాదు. ప్రపంచవ్యాప్తంగా హెల్ప్‌డెస్క్‌లలో, సపోర్ట్ డ్యూటీలో ఉండే మామూలు సిబ్బంది. ఫోన్‌లో ఉద్యోగికి ఒక్కో అంకె చదివి వినిపిస్తూ, బిల్డింగ్ బిల్డింగ్ తిరుగుతూ సరిచేశారు. తన భాగస్వామ్య సంస్థల సిబ్బందికి 'థాంక్స్' చెబుతూ క్రౌడ్‌స్ట్రైక్ 10 డాలర్ల ఉబర్ ఈట్స్ కూపన్లు పంపింది. చాలామంది ఒకేసారి వాడబోయేసరికి ఉబర్ వాటిని మోసమని అనుమానించి ఆపేసింది. నవ్వొచ్చే విషయమే అయినా, కష్టం ఎవరిది, లెక్క ఎవరిది అన్నది ఇందులో తేటగానే కనిపిస్తుంది.

గందరగోళంలో మోసగాళ్లు కూడా దూరారు. 'క్రౌడ్‌స్ట్రైక్ మందు ఇదిగో' అంటూ నకిలీ సైట్లు, వైరస్ కూర్చిన ఫైళ్లు వచ్చాయి. మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ కూడా వీటి గురించి హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. డ్రైవర్ ఎప్పుడు కావాలన్నా తయారీ సంస్థ సైట్ నుంచే తీసుకోవాలన్న మాట అందుకే పెద్ద సంస్థలకూ, చిన్న షాపులకూ ఒకేలా వర్తిస్తుంది.

నష్టం ఎవరి ఖాతాలో?

అమెరికాలోని 500 పెద్ద కంపెనీలకే, మైక్రోసాఫ్ట్‌ను మినహాయించి, 540 కోట్ల డాలర్ల నష్టమని పారామెట్రిక్స్ అనే బీమా విశ్లేషణ సంస్థ అంచనా వేసింది. అందులో బీమా ద్వారా తిరిగొచ్చేది 10 నుంచి 20 శాతమే అని కూడా చెప్పింది. ఒక్క డెల్టానే ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసి, 50 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నామంది. అక్టోబర్‌లో జార్జియా రాష్ట్ర కోర్టుకెక్కింది.

క్రౌడ్‌స్ట్రైక్ వాదన వేరు. ఒప్పందం ప్రకారం తమ బాధ్యత కొన్ని మిలియన్ డాలర్లకే పరిమితమని, అది కూడా ఒక అంకె దాటదని దాని లాయర్లు రాశారు. మిగతా విమాన సంస్థలు త్వరగా కోలుకుంటే డెల్టా మాత్రమే ఎందుకు ఆలస్యమైందని మైక్రోసాఫ్ట్ కూడా ఎదురు ప్రశ్నించింది. 2025 మేలో జడ్జి ఈ కేసులో తీవ్ర నిర్లక్ష్యం ఆరోపణతో సహా ఎక్కువ భాగం విచారణకు అనుమతించారు.

ఈ తగువులో ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. పరీక్షించకుండా పంపడం ఒక తప్పు. పడిపోతే లేచే ఏర్పాటు లేకపోవడం ఇంకో తప్పు. అయితే రెండు పెద్ద సంస్థలు కోర్టులో తేల్చుకుంటాయి సరే, విమానాశ్రయంలో నేల మీద పడుకున్న ప్రయాణికుడి మాట, ఆపరేషన్ వాయిదా పడ్డ రోగి మాట ఏ ఒప్పందంలోనూ ఉండదు. సాఫ్ట్‌వేర్ ఒప్పందాల్లో చిన్న అక్షరాలతో ఉండే బాధ్యత పరిమితి షరతు వాళ్ల దాకా వచ్చేసరికి పూర్తిగా సున్నా.

గత అనుభవం కూడా ఉంది. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ యాంటీవైరస్ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలోని ముఖ్యమైన సిస్టమ్ ఫైలునే వైరస్‌గా భావించి పక్కకు నెట్టింది. అప్పుడూ కంప్యూటర్లు కుప్పకూలాయి. ఆ సమయంలో మెకాఫీలో చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్‌గా ఉన్నది జార్జ్ కర్ట్జ్. క్రౌడ్‌స్ట్రైక్‌ను స్థాపించినవారిలో ఒకరు, 2024లో దాని సీఈఓ కూడా ఆయనే. 14 ఏళ్ల తర్వాత అదే తరహా తప్పు మళ్లీ జరగడం వ్యక్తి లోపం కన్నా పరిశ్రమ అలవాటును చూపిస్తుంది. 'వేగంగా పంపాలి, అందరికీ ఒకేసారి పంపాలి' అన్నదే ఆ అలవాటు.

లోపలి గది తలుపు తెరిచిందెవరు?

బయటి కంపెనీలను కెర్నల్‌లోకి ఎందుకు రానిచ్చారన్న ప్రశ్న వెంటనే వచ్చింది. మైక్రోసాఫ్ట్ వేలు యూరప్ వైపు చూపించింది. 2009లో యూరోపియన్ కమిషన్‌తో కుదిరిన అవగాహన ప్రకారం, తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఉన్నంత ప్రవేశం ఇతరులకూ ఇవ్వాల్సి వచ్చిందని చెప్పింది. అంతకుముందు 2006లో విస్టా సమయంలో కెర్నల్ తలుపు బిగించబోతే సైమాంటెక్, మెకాఫీ గట్టిగా అభ్యంతరం చెప్పాయి. పోటీని అణచేస్తున్నారన్నది వాటి వాదన.

ఈ వాదన కొట్టిపారేయాల్సింది కాదు. కాపలా పని చేసే కంపెనీలన్నిటినీ గేటు బయట నిలబెట్టి, ఇంటి యజమానే సొంత కాపలాదారును లోపల పెట్టుకుంటే అది న్యాయమైన పోటీ కాదు. అలాగని ఎవరికి పడితే వారికి మెయిన్ బోర్డు తాళం ఇస్తే జూలై 19 వస్తుంది. యాపిల్ 2019-20 నాటికే మ్యాక్‌లో బయటివారిని కెర్నల్ నుంచి తప్పించి, అవసరమైన సమాచారం బయట నుంచే అందే మార్గం ఏర్పాటు చేసింది. పోటీకీ, భద్రతకూ మధ్య దారి ఉందని అది చూపిస్తోంది.

ఇంకో లొసుగు కూడా బయటపడింది. ఫాల్కన్ డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ పరీక్షించి సంతకం చేసింది. కానీ ఆ డ్రైవర్ రోజూ చదివే నియమాల ఫైళ్లకు ఆ పరీక్ష లేదు. బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది, రోజూ పోసే పెట్రోల్‌ను మాత్రం ఎవరూ చూడరు. తొందరపడి కొత్త వెర్షన్ వద్దనుకుని ఒకటి రెండు వెర్షన్లు వెనక ఉండే జాగ్రత్తపరులైన ఖాతాదారులకూ ఆ నియమాల ఫైలు అందరితోపాటే వెళ్లింది. వాళ్ల జాగ్రత్తకు విలువే లేకుండా పోయింది.

ఆ తర్వాత మార్పులు వచ్చాయి. నియమాల ఫైళ్లను కూడా కొద్దిమందితో మొదలుపెట్టి దశలవారీగా పంపుతామని, ఎప్పుడు తీసుకోవాలో ఖాతాదారే నిర్ణయించుకోవచ్చని క్రౌడ్‌స్ట్రైక్ ప్రకటించింది. 2024 సెప్టెంబర్‌లో ఆ సంస్థ ప్రతినిధి అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు క్షమాపణ చెప్పారు. నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఒక కొత్త కార్యక్రమం మొదలుపెట్టింది. లేవలేని కంప్యూటర్ రికవరీ దశలోనే నెట్ అందుకుని సవరణ తెచ్చుకునే ఏర్పాటు అందులో ఒకటి. భద్రతా సాఫ్ట్‌వేర్ కెర్నల్ బయటి నుంచే పనిచేసే పద్ధతిని 2025లో భాగస్వామ్య సంస్థలకు ప్రయోగాత్మకంగా ఇస్తామంది. అదే ఏడాది నీలి తెరను నల్ల తెరగా కూడా మార్చింది. తెర రంగు కన్నా ఈ ఏర్పాట్లే ముఖ్యం.

మన దేశం ఎందుకు తప్పించుకుంది?

ఆ రోజు భారత్‌కు పెద్ద దెబ్బ తగల్లేదు. ప్రభుత్వ నెట్‌వర్క్ నడిపే ఎన్ఐసీపై ప్రభావం లేదని కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ తెలిపారు. 10 బ్యాంకులు, ఆర్థిక సంస్థల్లోనే స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. కారణం కూడా చెప్పింది. చాలా బ్యాంకుల కీలక వ్యవస్థలు క్లౌడ్‌లో లేవు, పైగా క్రౌడ్‌స్ట్రైక్ వాడేవి కొన్నే.

దీన్ని విజయంగా చెప్పుకోవడం తొందరపాటే. వాన పక్క ఊళ్లో పడింది కాబట్టి మన కప్పు కారలేదు. అంతే తప్ప కప్పు గట్టిదని రుజువు కాలేదు. వేలిముద్ర పడితేనే రేషన్ బియ్యం, మెషీన్ పనిచేస్తేనే బస్సు టికెట్, క్యూఆర్ స్కాన్ అయితేనే చాయ్ డబ్బులు అన్న స్థితికి వచ్చేశాం. ఈ ప్రతి యంత్రంలోనూ ఏదో ఒక డ్రైవర్ ఉంది. దాన్ని ఎక్కడి నుంచో ఎవరో అప్‌డేట్ చేస్తారు. అమెరికా విమాన ప్రయాణికుడు హోటల్ గది వెతుక్కుంటాడు. రేషన్ షాపు ముందు నిలబడ్డ కూలీకి ఒక రోజు పని పోతుంది, ఆ రోజు పొయ్యి మీదికి గింజలు రావు. ఒకే తరహా లోపం, రెండు రకాల నష్టం.

1998 నుంచి మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ ఉన్న నగరం హైదరాబాద్. ప్రపంచం వాడే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఇక్కడి చేతుల మీదుగా వెళ్తుంది. కాబట్టి టెస్టింగ్ అంటే రెండో తరగతి పని, ఖర్చు తగ్గించాలంటే ముందు కోత పెట్టాల్సిన విభాగం అన్న ఆలోచన ఇక్కడ కూడా మారాలి.

కొనేటప్పుడే అడగాల్సినవి

ప్రభుత్వ శాఖలు, ఆసుపత్రులు, బ్యాంకులు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ధర, ఫీచర్లు చూస్తాయి. ఇకపై ఇంకో నాలుగు ప్రశ్నలు టెండర్‌లోనే ఉండాలి. అప్‌డేట్ ముందు కొన్ని యంత్రాలకు పంపి, చూసి, తర్వాత మిగతావాటికి పంపుతారా? తేడా వస్తే కంప్యూటర్ తనంతట తానే పాత స్థితికి వెళ్లగలదా? రికవరీ కీలు ఆ వ్యవస్థతో సంబంధం లేని మరో చోట కూడా ఉన్నాయా? నష్టం జరిగితే బాధ్యత ఎంతవరకు?

ఐదో ప్రశ్న కొనేవారే తమను తాము వేసుకోవాలి. యంత్రం ఆగిన రోజు మనిషికి సేవ ఎలా అందుతుంది? రేషన్ డీలర్ దగ్గర రిజిస్టర్, ఆసుపత్రిలో కాగితం కేస్ షీట్, కౌంటర్‌లో రసీదు పుస్తకం ఉండాలని రూల్ ఉండాలి, వాటిని వాడే అధికారం అక్కడి సిబ్బందికి ఉండాలి. ఇండిగో కౌంటర్‌లో పెన్ను పట్టుకున్న సిబ్బందిని చూసి చాలామంది నవ్వుకున్నారు. కానీ ఆ రోజు పని నడిచింది ఆ పెన్నుతోనే.

లోపాలు లేని డ్రైవర్ ఇంతవరకు ఎవరూ రాయలేదు, రాయలేరు కూడా. 20 ఉన్నచోట 21 అనుకోవడం మనుషులు చేసే పొరపాటే. అది 85 లక్షల చోట్ల ఒకేసారి పేలేలా పంపడం, పేలాక చేతులతో తప్ప బాగుచేయలేని స్థితి తెచ్చుకోవడం మాత్రం పొరపాటు కాదు, నిర్ణయం. నిర్ణయాలకు జవాబు చెప్పేవాళ్లు ఉండాలి. ఆ జవాబు యంత్రం ఆగాక కాదు, కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టే ముందే అడగాలి.